మూడో కోరిక, పన్నెండు వాయిదాలు

కోక్‌బులాక్ చలికాలపు మకాం,
అక్టోబరు 9

షోల్పాన్ అక్కకి,

ఆరుసార్లు ఫోన్ చేశాను. ఆరోసారి ఎత్తి, "నీ నోటిమాట నాకొద్దు. పొద్దున అన్నది సాయంత్రానికి అనలేదంటావు. చెప్పేదేదో కాగితం మీద రాసి పంపు" అని పెట్టేశావు. సరే, రాస్తున్నాను. రొట్టెల బండి సాబిత్ వారానికోసారి తరాజ్ బజారుకి వస్తాడు. జవాబు కూడా వాడి చేతికే ఇవ్వు.

పోయిన చలికాలం మంచు తుపానులో ఏడు గుర్రాలు తప్పిపోయాయి. మూడు చచ్చి దొరికాయి. ఈ ఏడాది జిల్లా వాళ్లు గుర్రాల మెడకి కట్టే పట్టీలు ఊరికే ఇచ్చారు. ఏ గుర్రం ఎక్కడుందో ఆ పట్టీ చెబుతుందట, కానీ అది కనిపించేది స్మార్ట్‌ఫోన్‌లోనేనట. నా దగ్గరున్నది బటన్ల ఫోన్. వెనక గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తుంది, నాకది చాలు.

నువ్వు పదేళ్లుగా ఫోన్ల కొట్లో నిలబడుతున్నావు కాబట్టి అడుగుతున్నాను. సాబిత్ వాయిదాల మీద తీసుకోమంటాడు. పశువుల డాక్టరు రెండేళ్ల ఒప్పందం మీద ఫోన్ కంపెనీయే ఇస్తుందంటాడు. మా ఇంటావిడ బాతిమా మాత్రం డబ్బుంటే కొనుక్కో, లేకపోతే మానుకో అంటుంది. ఏది మంచిదో రాయి. కొట్టుకొచ్చిన వాళ్లకి చెప్పినట్టు కాకుండా నిజం రాయి.

తురార్

---

తరాజ్, పెద్ద బజారు,
అక్టోబరు 17

గుర్రాల దొరగారికి,

కొట్టుకొచ్చిన వాళ్లకి నేను అబద్ధం చెబుతానని నీకెవరు చెప్పారు? అబద్ధం చెప్పగలిగితే ఈపాటికి నాకో సొంత కొట్టు ఉండేది. ఇంకొకడి కొట్లో తొమ్మిది గంటలు నిలబడి కాళ్లు వాచిపోతున్నాయంటేనే తెలియాలి, నేను నిజం చెప్పే రకమని.

విను. నీకు పనికొచ్చే ఫోన్ అద్దం మీద చీటీలో లక్షా యాభై ఆరు వేల తెంగెలు. వాయిదాల్లో నెలకి పదమూడు వేలు, పన్నెండు నెలలు, వడ్డీ లేదని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. వడ్డీ లేదన్నది నిజమే. కానీ ఆ డబ్బిచ్చే కంపెనీకి మా ఓనరు ముట్టజెప్పే వాటా ముందే ధరలో కూర్చుంటుంది. అదే ఫోన్‌కి నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, గట్టిగా ఓ పావుగంట దెబ్బలాడితే లక్షా నలభైకి దిగుతాడు. నేనుంటే లక్షా ముప్పై ఎనిమిదికి దించుతాను. ఇక ఆ రెండేళ్ల ఒప్పందం. నెలకి తొమ్మిది వేలు, మాటలూ ఇంటర్నెట్టూ అందులోనే. వినడానికి హాయిగా ఉంటుంది. ఇరవై నాలుగు నెలలకి లెక్కవెయ్యి, రెండు లక్షల పదహారు వేలు. మధ్యలో మానేస్తే జరిమానా. పైగా నీ గుట్ట మీద పలికేది ఆ కంపెనీ టవర్ కాదు. డబ్బులు కట్టి మంచులో మూగ ఫోన్ పట్టుకు నిలబడతావు.

కాబట్టి బాతిమా చెప్పిందే సరి. మీ ఇంట్లో బుర్ర ఉన్నది ఆవిడకే. మొత్తం ఒకేసారి కట్టి కొను. డబ్బు లేదంటావా? బోజ్‌ని అమ్ము. ఆ బూడిదరంగు ఆడగుర్రానికి పది ఫోన్లొస్తాయి.

అన్నట్టు, దాన్ని అమ్మేముందు మమ్మల్ని అడగాలి సుమా. మన ఆచారం ప్రకారం మేనకోడలు మూడుసార్లు ఏది కోరితే అది మేనమామ ఇచ్చి తీరాలి, కాదనకూడదు. మా మోల్దిర్‌కి రెండయ్యాయి. ఐదేళ్లప్పుడు మచ్చల గొర్రెపిల్ల, పన్నెండేళ్లప్పుడు నాన్న వెండి జీను. మూడోది మిగిలుంది. అదేమిటో నీకు తెలుసు, నాకు తెలుసు. బోజ్‌కి కూడా తెలిసే ఉంటుంది.

షోల్పాన్

---

కోక్‌బులాక్,
నవంబరు 12

అక్కా,

ఫోన్ గురించి అడిగితే నా గుర్రం మీద పడ్డావు. నువ్వంతేలే.

బోజ్‌ని అమ్మను. దాని తల్లినీ, ఆ తల్లి తల్లినీ నాన్న తన చేతులతో పెంచాడు. ఆ వంశంలో మిగిలింది అదొక్కటే. అది పోతే నా మందలో ఉన్నవన్నీ సంతలో కొనుక్కొచ్చినవే. నీ కూతురు దాని మీద వేలు పెడుతుందని ఆరేళ్లుగా బెదిరిస్తున్నావు. మీ బండి కొండమలుపులో కనబడితే చాలు, దాన్ని పక్కలోయలోకి తోలి వస్తున్నాను. దాచడం కూడా నాకు సిగ్గుగానే ఉంది, కానీ చేస్తున్నాను.

వాయిదాల కోసం జిల్లా ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో పిల్ల "జీతం కాగితం ఉందా?" అంది. "నూట నలభై గొర్రెలున్నాయి, ఇరవై మూడు గుర్రాలున్నాయి" అన్నాను. "అవి మా కంప్యూటర్లో పడవు తాతా" అంది. నాకు నలభై రెండేళ్లక్కా. తాతా అంది. వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. రోడ్డు ఊడ్చేవాడికి ఇస్తారట, నాకివ్వరట.

నీకు జీతం కాగితం ఉంది. నీ పేరు మీద వాయిదాకి తీయి. పదిహేనో తారీఖుకి ముందే ప్రతినెలా పదమూడు వేలు సాబిత్ చేతికిస్తాను. నువ్వు ముట్టినట్టు చీటీ రాసి పంపు. చెల్లని మాటలు నాకూ వద్దు.

తురార్

---

తరాజ్,
డిసెంబరు 16

తురార్‌కి,

అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్లు, నాకు పదకొండు. నీ ముక్కు తుడిచింది నేను, నీ బూట్లకి అతుకులు వేసింది నేను. పదకొండేళ్ల క్రితం, తాగుబోతు మొగుణ్ని వదిలి, ఎనిమిదేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని నీ గుమ్మం ముందు నిలబడితే నువ్వేమన్నావు? "పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల ఈ ఇంటికి అతిథే అక్కా" అన్నావు. మూడోరోజు పొద్దున్నే మా మూటలు నువ్వే బండిలో పెట్టావు. అతిథి పేరు మీద వాయిదా ఫోన్ ఎలా అడుగుతున్నావురా? సిగ్గెక్కడ తాకట్టు పెట్టావు?

అయినా తీశాను. నీకోసం కాదు. మంచులో చచ్చేది నాన్న వదిలివెళ్లిన మంద. అందులో ఒకటి మాకు రావలసింది కూడా.

ఫోన్, దాని తీగ, కాగితాలు అన్నీ డబ్బాలోనే ఉన్నాయి. సంతకం నాది, పూచీ నాది. ఒక్క నెల ఆలస్యమైనా నా పేరు చెడుతుంది. మోల్దిర్ నర్సింగ్ ఫీజుకి నేను అప్పు తెచ్చుకోవాలంటే ఆ పేరే కావాలి. కాగితాలు చదువు. నువ్వు చదవవు, నాకు తెలుసు. అయినా చదవమని రాశానని ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

మొదటి వాయిదా జనవరి పదిహేను.

షోల్పాన్

---

తరాజ్,
మార్చి 15

తురార్‌కి,

మూడో వాయిదా ముట్టింది. పదమూడు వేలు. నోట్లకి పెరుగుండల కంపు కొడుతోంది. ఇకమీద డబ్బునీ పెరుగుండల్నీ ఒకే సంచిలో పెట్టకు. పెరుగుండలు మేమడగలేదు. మోల్దిర్ తినేసింది కాబట్టి తిరిగి పంపడం లేదు.

గుర్రాలు తప్పిపోలేదని సాబిత్ చెప్పాడు.

షోల్పాన్

---

ఎండాకాలం మేతకొండ,
జులై 24

ప్రియమైన అక్కా!

ఈసారి ప్రియమైన అనే రాస్తున్నాను, ఎందుకంటే నా మనసు అంత హాయిగా ఉంది.

మీ మోల్దిర్ వచ్చి పదిరోజులుండి వెళ్లింది. పిల్ల బంగారం. గుర్రపు పాలు పిండడం బాతిమా దగ్గర రెండు రోజుల్లో నేర్చేసుకుంది. పని రాదు, నోరు మాత్రం వస్తుందని నీ గురించి అనుకునేవాణ్ని, పిల్లకి పని వచ్చింది. వచ్చిన నాలుగోరోజు వాగు దాటుతుంటే దాని ఫోన్ నీళ్లలో పడిపోయింది. స్నేహితులతో మాట్లాడలేక అల్లాడిపోయింది పాపం. నా ఫోన్ చేతిలోకి తీసుకుని, "మామయ్యా, ఫొటోలు ఎంత బాగా వస్తున్నాయో" అంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? "నచ్చిందా తల్లీ?" అన్నాను. నచ్చిందంది. "నచ్చితే మేనమామని అడగడానికి మొహమాటం దేనికి? అడుగు" అన్నాను. అడిగింది!

అప్పటికప్పుడు పక్క గుడారాల వాళ్లని ఐదుగురిని పిలిచాను. గొర్రెని కోశాను. ఫోన్‌ని తెల్లగుడ్డలో చుట్టి, అందరి ముందు, "ఇది నా మేనకోడలి మూడో కోరిక, మనస్ఫూర్తిగా ఇస్తున్నాను" అని చేతిలో పెట్టాను. అందరూ దీవించారు. నేనైతే అందరికంటే గట్టిగా దీవించాను.

కాబట్టి మూడూ అయిపోయాయక్కా. ఇక బోజ్ జోలికి ఎవరూ రాకూడదు. నిన్నటినుంచి దాన్ని గుడారం ముందే కడుతున్నాను, దాచకుండా. నాకు వేసవిలో ఫోన్‌తో పని లేదు. చలికాలానికి ఇంకోటి చూసుకుంటాను.

వాయిదాలు ఏడు కట్టాను. మిగిలినవి ఐదు. ఫోన్ మీ ఇంట్లో ఉంది, సంతకం నీది, కాబట్టి అవి నువ్వే చూసుకుంటే ధర్మంగా ఉంటుంది.

నీ తమ్ముడు తురార్

---

తరాజ్,
ఆగస్టు 2

ఓరి తెలివిమాలినవాడా,

నీ ఉత్తరం నిలబడి చదివాను, చదువుతూ కౌంటర్ మీద గుద్దితే మూడు ఫోన్లు కిందపడ్డాయి. పసిపిల్లని నోరు తెరిపించి, దాని నోటితోనే దాని హక్కుకి సమాధి కట్టిస్తావా? గొర్రెని కూడా కోశావా? నీ తెలివికి నువ్వే విందు చేసుకున్నావన్నమాట.

కానీ పాపం, నువ్వు కాగితాలు చదవలేదు. రెండో పేజీ, కిందినుంచి మూడో వరస. నీకోసం ఎత్తిరాస్తున్నాను: "ఆఖరి వాయిదా చెల్లించేవరకు వస్తువు కంపెనీ ఆస్తి. కొనుగోలుదారు దానిని అమ్మరాదు, కుదువ పెట్టరాదు, ఇతరులకు బహూకరించరాదు."

అర్థమైందా? డబ్బంతా ఒకేసారి కట్టి కొనుంటే ఫోన్ ఆరోజే నీది, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. రెండేళ్ల ఒప్పందానికి పోయుంటే ఆ కంపెనీ ఫోన్‌ని ముందే నీకు రాసిచ్చేస్తుంది, నువ్వు కట్టేది నెలబిల్లే, కాబట్టి దాన్నీ ఇవ్వచ్చు. మూడింట్లో చేతులారా ఇవ్వడానికి వీల్లేనిది ఒక్క వాయిదా ఫోన్. ఏరికోరి దాన్నే తెల్లగుడ్డలో చుట్టావు. నీది కాని వస్తువుని ఐదుగురి ముందు దానం చేసిన మొదటి మేనమామవి నువ్వే అయ్యుంటావు.

నా నోటిమాట నమ్మవు కాబట్టి పెద్దల్ని కూడా అడిగాను. బజారు వెనక చెప్పులు కుట్టే ఓస్పాన్ ముసలాయన నీకు తెలుసుగా, నాన్న స్నేహితుడు. విషయమంతా విని టోపీ జారిపోయేలా నవ్వాడు. నవ్వడం అయ్యాక, "పొరుగువాడి గొర్రెని కోరిక కింద ఇస్తే చెల్లుతుందా అమ్మా? ఇదీ అంతే. పిల్ల కోరిక అలాగే ఉంది" అన్నాడు. నీ కొండమీద పెద్దల్ని కూడా అడుగు. కాగితం వాళ్లకి చదివి వినిపించు, సిగ్గుపడకు.

ఫోన్‌ని సాబిత్ చేతికిచ్చి పంపుతున్నాను. మిగిలిన ఐదు వాయిదాలూ నువ్వే కట్టుకో. శరత్కాలంలో మేము బోజ్ కోసం వస్తాం. మోల్దిర్ ఏడుస్తోంది, "నాకు గుర్రం వద్దమ్మా, మామయ్యని వదిలెయ్" అంటోంది. దానికేం తెలుసు? వదిలెయ్యడం నేర్పింది ఎవరో నేను మరిచిపోలేదు.

షోల్పాన్

---

ఎండాకాలం మేతకొండ,
ఆగస్టు 29

షోల్పాన్‌కి,

పెద్దల్ని అడిగాను. కాగితం చదివి వినిపించాను. నువ్వన్నదే నిజమన్నారు. ఆ దీవించిన ఐదుగురే అన్నారు. ఇప్పుడు కొండమీద ఏ గుడారానికి వెళ్లినా, "తురార్, ఈ టీగిన్నె నీదేనా, లేక వాయిదాల మీద తెచ్చావా?" అని అడుగుతున్నారు. బాతిమా మూడు రోజులు నాకు టీ పొయ్యలేదు. పసిదాన్ని మోసం చేయబోయానంది. ఆ మాట నిజం. అది రాయడానికే నాకు వారం పట్టింది.

శరత్కాలం దాకా ఎందుకు? సాబిత్ బండి వెనక గుర్రాల తొట్టి తగిలించి, బోజ్‌ని అందులో ఎక్కించి పంపుతున్నాను. ఇది నాదే. ఏ కంపెనీకీ ఇందులో వాటా లేదు. దాని కాగితం కూడా సాబిత్ దగ్గరుంది, రెండు పేజీలూ చదువుకో. ఎడమ ముందుకాలు తాకితే బెదురుతుంది. చల్లటి నీళ్లు ఒకేసారి పెట్టకండి.

ఆ రోజు నిన్ను అతిథివన్న మాట గురించి మళ్లీ మళ్లీ రాస్తున్నావు. అన్నాను. మాకున్నది ఒకే గది, బాతిమాకి నెలలు నిండాయి, నీ మొగుడు వెతుక్కుంటూ వచ్చి తలుపు బాదుతాడని భయపడ్డాను. భయమని చెప్పడానికి నామోషీ అయ్యి ఆచారం అన్నాను. అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి, ఆ తర్వాత నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు.

ఇప్పుడు లెక్క తేలిపోయింది. మూడూ ఇచ్చేశాను. నీ కూతురికి ఇక నా దగ్గర రావలసింది లేదు. నీకు ఎప్పుడో లేదని నేనే అన్నాను. వాయిదాలు నెలనెలా వస్తాయి, వాటికి చీటీ రాస్తే చాలు. ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

తురార్

---

తరాజ్,
సెప్టెంబరు 6

తురార్‌కి,

ఉత్తరాలు అక్కర్లేదని నువ్వు రాస్తే నేను మానేస్తానా? చిన్నప్పటినుంచీ ఆఖరిమాట నాదే.

సాబిత్ బోజ్‌ని తెచ్చి బజారు వెనక, ఖాళీ పెట్టెల మధ్య కట్టాడు. ఓనరు, "ఇదేంటి షోల్పాన్, ఫోన్లు చాలక గుర్రాలు కూడా మొదలెట్టావా?" అన్నాడు. మోల్దిర్ దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడింది కానీ పగ్గం అందుకోలేదు. గడ్డి పెడితే గుర్రం ముట్టలేదు. నేను పగ్గం చేతిలోకి తీసుకున్నాను. ఆరేళ్లుగా ఈ పగ్గం గురించే నీతో కొట్లాడుతున్నాను. తీరా చేతికొచ్చాక మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఎందుకో చెబుతాను విను. నువ్వు నన్ను అతిథివి అన్నావు. నాన్న ఇంట్లో నాదంటూ ఒక చెంచా కూడా లేకుండా పోయింది. మిగిలింది ఈ పిల్ల మూడో కోరిక ఒక్కటే. అది బాకీ ఉన్నంతకాలం నువ్వు మాకు తలుపు వెయ్యలేవు. అందుకే దాన్ని పొదుపుగా దాచాను. పద్నాలుగేళ్లప్పుడు మోల్దిర్ నీ కత్తి అడగబోతుంటే కాలితో తన్ని ఆపాను. పదహారేళ్లప్పుడు బాతిమా గాజులు చూసి ముచ్చటపడితే అప్పు చేసి అలాంటివే కొనిపెట్టాను. బోజ్ కావాలని నేను అరిచింది కూడా నువ్వు ఇవ్వవనే ధైర్యంతోనేనని ఇవాళే తెలిసింది నాకు. పగ్గం పట్టుకోగానే, అయిపోయింది, ఇక ఆ ఇంటికి వెళ్లడానికి నా చేతిలో ఏమీ లేదు అనిపించింది. నాన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

నీ ఉత్తరంలో భయపడ్డానని రాశావు చూడు, ఆ మాట ఆరోజే చెప్పుంటే ఏ మసీదు వసారాలోనో పడుకుని, తెల్లారాక తిరిగి వచ్చేదాన్ని. ఆచారం అన్నావు. అందుకు నిన్ను ఇప్పటికీ క్షమించలేదు, రాసిపెట్టుకో.

బోజ్‌ని వెనక్కి పంపుతున్నాను. జాలిపడ్డానని అనుకోకు. మోల్దిర్ దాన్ని తీసుకోలేదు, ఓస్పాన్ ముసలాయన సాక్షి. కాబట్టి కోరిక అలాగే ఉంది, దాన్ని వాడుకునే తొందర మాకేం లేదు. గుర్రాన్ని బాగా చూసుకో. ఎడమకాలికి నాడా వదులైంది, ఇంత పెద్ద గుర్రాల దొరవి అది కూడా చూసుకోవా? తొమ్మిదో వాయిదా పదిహేనో తారీఖుకి రాకపోతే మర్యాదగా ఉండదు.

మొదటి మంచు పడకముందే మోల్దిర్ మీ ఇంటికి వస్తుంది. ఏమీ అడగదు. ఈసారి దాంతోపాటు నేనూ వస్తున్నాను, మూడు రోజులకి కాదు. బాకీ ఉన్న మేనకోడలి తల్లిని గుమ్మం బయట నిలబెట్టే దమ్ము నీకుంటే నిలబెట్టు, చూస్తాను.

నీ అక్క
షోల్పాన్